పెద్ద అకౌంటు

గ్లోరి పోయిన రెండేళ్లకి, ఒక ఆదివారం మధ్యాహ్నం, గ్లోరి గొంతు కూడా పోయింది.

ఆ రోజు కరుణశ్రీ చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా కోడికూర పొయ్యి మీద పడేసింది. అత్తగారు మేరమ్మకి కారం పడదు కాబట్టి వేరే గిన్నెలో పప్పు చేసింది. ముగ్గురి భోజనాలూ అయ్యాక గిన్నెలు తోమి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చోవడం కూడా వంటలాంటిదే. ఎవరు చేస్తారని ఎవరూ అడగరు. ఆమె భర్త ఇమ్మాన్యుయేల్ ఎ.కొండూరు హైస్కూల్లో సోషల్ టీచరు, ఉపాధ్యాయ సంఘానికి మండల కార్యదర్శి. ఆమె వినగడప ప్రాథమిక పాఠశాలలో టీచరు. భార్యాభర్తలిద్దరిదీ ఒకటే ఉద్యోగమని తిరువూరులో తెలిసినవాళ్లంతా అంటారు. సాయంత్రం ఇల్లు చేరాక అతని పిల్లల మార్కులు, అతని బడి హాజర్లు, అతని సంఘం వినతిపత్రాలు ఎక్కించేది మాత్రం ఆమె. "నీ స్పీడు నాకెక్కడొస్తుంది కరుణా" అంటాడతను. మెచ్చుకుంటూనే అంటాడు. తిట్టి చెప్పిన పనైతే ఏనాడో కాదని ఉండేది. మెచ్చుకుని చెప్పిన పనిని ఎలా కాదనాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు.

ఆ ఆదివారం పని, రిటైరవుతున్న హెడ్మాస్టరు జగన్నాథరావు గారికి సన్మాన పత్రం. మామూలు అక్షరాలైతే బాగోదు, పెళ్లి శుభలేఖలో ఉన్నట్టు గుండ్రంగా, తోకలతో ఉండాలన్నాడు ఇమ్మాన్యుయేల్. అలాంటి అక్షరాల ఫాంటు కొనాలంటే ఖరీదు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఉచితంగా దొరికే లింకు పెట్టారు. దాన్ని దించుకున్నాక, ముందు యాంటీవైరస్ ఆపమని ఇంగ్లీషులో సూచన వచ్చింది. అతనే వచ్చి ఆపాడు. తర్వాత తెర మీద ఒక పెట్టె లేచింది. ఈ ప్రోగ్రాము మీ కంప్యూటరులో మార్పులు చేయడానికి అనుమతిస్తారా అని అడుగుతోంది. దీన్ని తయారుచేసింది ఎవరో తెలియదని కూడా రాసి ఉంది.

మౌసు మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఎవరిదో తెలీదంటోందండీ."

"అదెప్పుడూ అంతే. అది అడుగుతుంది, మనం ఎస్ కొడతాం" అని అతను ఆమె భుజం మీదుగా వంగాడు. ఆమె చేతి మీద తన చెయ్యి వేసి, ఆమె వేలితోనే నొక్కించాడు.

అక్షరాలు నిజంగానే ముద్దుగా వచ్చాయి. జగన్నాథరావు గారి క్రమశిక్షణ గురించి, ఆయన విజయం వెనక నిలిచిన ధర్మపత్ని సహనం గురించి కరుణశ్రీ ఒక పేజీ కొట్టింది. ఆ ధర్మపత్ని పేరు రాయడానికి చోటు వదిలి, పేరేమిటని భర్తని అడిగింది. అతనికి తెలియదు. ఫోన్ చేస్తే సంఘంలో ఇంకెవరికీ తెలియదు. సరే, ధర్మపత్ని అని ఉంచేయమన్నాడు. ఆమె టీ పెట్టడానికి లేచింది. కప్పులు తెచ్చేసరికి సన్మాన పత్రం తెర మీద లేదు. ఎర్రటి అక్షరాలతో ఒక ప్రకటన ఉంది. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టండి అని దాని సారాంశం. ఆమె పిల్లల జవాబు పత్రం చదివినట్టు దాన్ని చివరిదాకా చదివింది. చదివాక కప్పులు బల్ల మీద పెట్టింది.

"ఏం నొక్కావు?" అన్నాడు ఇమ్మాన్యుయేల్.

"మీరే కదండీ నొక్కించింది."

"నేను ఒక్కటే నొక్కించాను. తర్వాత నువ్వు ఇంకేదో నొక్కి ఉంటావు."

మేరమ్మ మంచం మీద నుంచే తన మాట తాను అంది. "పొద్దస్తమానం చెవుల్లో ఆ పుల్లలు పెట్టుకుని దాని ముందే కూర్చుంటే పాడవదా మరి?"

కరుణశ్రీ మళ్లీ కుర్చీలో కూర్చుంది. 'నాలుగో తరగతి మార్కులు' అనే ఫోల్డరు తెరిచింది. అందులో ఉన్నవన్నీ అక్కడే ఉన్నాయి. ప్రతి పేరు చివరా ఎప్పుడూ చూడని అక్షరాలు తోకలా అతుక్కుని ఉన్నాయి. ఒకటి నొక్కింది. తెరుచుకోలేదు. ఇంకొకటి నొక్కింది. అదీ అంతే. వెనక భర్త ఎవరితోనో ఫోన్లో సన్మానం గురించి, మళ్లీ పత్రం తయారుచేయడం గురించి మాట్లాడుతున్నాడు. ఆమె ఒక్కొక్కటిగా అన్నీ నొక్కి చూసింది.

అందులో మార్కులు లేవు. కూతురు గ్లోరి చదివిన పాఠాలున్నాయి. కరోనా కాలంలో బడులు మూసినప్పుడు, గ్లోరి క్లాసు టీచరు గీతాంజలి, పిల్లలు రోజూ ఒక పాఠం పైకి చదివి ఆ గొంతు పంపమనేది. గ్లోరికి అప్పుడు ఎనిమిదేళ్లు. వంటింటి గడప మీద కూర్చుని చదివేది, కరుణశ్రీ కూర తరుగుతూ ఫోన్లో రికార్డు చేసేది. పాఠం మధ్యలో కుక్కరు కూత వినిపిస్తుంది. నాయనమ్మ వీధిలో బండివాడితో బెండకాయలు ముదురువని పోట్లాడటం వినిపిస్తుంది. సండే స్కూల్లో కంఠతా పట్టిన బైబిలు వచనం ఒకటి గ్లోరి ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పి, చివర్లో ఆమెన్ అనే చోట దగ్గుతుంది. ఒక పాఠంలో తడబడితే కరుణశ్రీ మళ్లీ చదవమంటుంది. "బళ్లో టీచరుగా ఉండమ్మా, ఇంట్లో అమ్మగా ఉండు" అంటుంది గ్లోరి. ఆ తర్వాత ఇద్దరూ నవ్విన నవ్వు కూడా రికార్డయింది.

పదో ఏట గ్లోరికి డెంగీ జ్వరం వచ్చింది. విజయవాడ తీసుకువెళ్లారు. తీసుకువచ్చారు.

ఆ నెలలోనే మేరమ్మ గ్లోరి బట్టలు, పుస్తకాలు మూటగట్టి ప్రార్థనకి వచ్చే పేదలకి ఇచ్చేసింది. కళ్ల ముందుంటే బతకలేరే అమ్మాయ్ అంది. ఆ మాట అంటూ ఆమే ఏడ్చింది కాబట్టి కోడలు ఏమీ అనలేకపోయింది. ఇమ్మాన్యుయేల్ ఇంకో పని చేశాడు. కంప్యూటరు తెరవగానే కనపడే గ్లోరి ఫొటో తీసేశాడు, ఫొటోల ఫోల్డర్లు కొన్ని చెరిపేశాడు. ఎవరినీ అడగలేదు. అడగాలని అతనికి తోచలేదు. ఆ రోజు నుంచి అతను కూతురి పేరు పలకడం మానేశాడు, పలకాల్సి వస్తే పాప అంటాడు. మిగిలిన గొంతుల్ని అప్పుడే కరుణశ్రీ నాలుగో తరగతి మార్కుల పేరు పెట్టి దాచింది. ఆ పేరున్న ఫోల్డరు అతను ఎన్నటికీ తెరవడని ఆమెకి తెలుసు. మార్కులు ఎక్కించేది తనే కదా.

రికార్డు చేసిన పాత ఫోన్ చెడిపోయింది. కొత్త ఫోన్‌లో మధ్యాహ్న భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు, బడి యాప్‌లు నిండి ఎప్పుడూ ఖాళీ ఉండదు. ఒక పెన్‌డ్రైవ్ కొని అందులోకి ఎక్కిద్దామనుకుంటే, సంఘం సభలో పాటలకి కావాలని అతను పట్టుకెళ్లాడు. అది తిరిగి రాలేదు. అందుకని అవి కంప్యూటర్లోనే ఉండిపోయాయి. అతని పని చేస్తూ ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేది. ఇమ్మాన్యుయేల్ బడి పిల్లల మార్కులు అంకెలుగా వేళ్ల కిందనుంచి పోతుంటే, చెవిలో గ్లోరి పాఠం చదివేది. రెండేళ్లుగా ఆమె భర్త పని ఒక్కసారీ కాదనకపోవడానికి కారణం అది. మా కరుణకి ఓపికెక్కువ అని అతను అందరికీ చెప్పుకునేవాడు.

ఇంత జరగకుండా ఆపే దారి ఒకటి ఉండేదని ఆమెకి ఆ సాయంత్రమే గుర్తొచ్చింది. గుర్తురాకపోయినా బాగుండేది.

కిందటేడు మండలంలో టీచర్లకి కంప్యూటరు శిక్షణ పెట్టారు. విజయవాడ నుంచి సౌజన్య అనే అమ్మాయి వచ్చి చెప్పింది. అందరూ ఇళ్లలో అడ్మినిస్ట్రేటర్ అకౌంటులోనే అన్ని పనులూ చేసుకుంటారు, అది తప్పు అంది. దాన్ని పెద్ద అకౌంటు అనుకోండి అంది. దానికి ఏది మార్చడానికైనా, ఏది చెరపడానికైనా హక్కుంటుంది. మీరు అందులో కూర్చుని ఒక పాడు ఫైలుకి సరేనంటే, మీకున్న హక్కులన్నీ దానికి ఇచ్చినట్టే. రోజూ పనికి చిన్న అకౌంటు చాలు. ఉత్తరం రాసుకోవడానికి, మార్కులు ఎక్కించడానికి ఇల్లంతటి అధికారం ఎందుకు? ఏదైనా మార్చాల్సొచ్చిన రోజున పెద్దదాన్ని తెరిచి, పనవగానే మూసేయండి. వెనక బెంచీల్లో మగ టీచర్లు టీ వచ్చిందా అని ద్వారం వైపు చూస్తున్నారు. కరుణశ్రీ మాత్రం వింది.

ఇంటికొచ్చి తన పేరుతో చిన్న అకౌంటు ఒకటి చేసుకుంది. పాస్‌వర్డ్ పెట్టుకుంది. గ్లోరి పాఠాలు అందులోకి మార్చాలనుకుంది. మార్చేలోపే, ఒక సాయంత్రం ఇమ్మాన్యుయేల్ సంఘం మిత్రుడు సుందరరాజుని వెంటబెట్టుకుని వచ్చి కంప్యూటరు తెరిచాడు. తెర మీద రెండు పేర్లు కనపడ్డాయి. రెండోదాన్ని నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది.

"చూశావా సుందరం, మా ఆవిడ వేరు కాపురం పెట్టింది" అన్నాడు నవ్వుతూ.

"ఇకనించీ గేటు పాసు తీసుకోవాలి సార్ మీరు" అన్నాడు సుందరరాజు.

టీ ఇస్తూ కరుణశ్రీ కూడా నవ్వింది. నవ్వకపోతే బాగోదు. సుందరరాజు వెళ్లాక ఇమ్మాన్యుయేల్ నవ్వు లేకుండా అడిగాడు. "మనిద్దరి మధ్య తాళమేంటి కరుణా? నాకు తెలీకుండా నీకేం ఉంటాయి?" ఇది తాళం సంగతి కాదని, మీరు కూడా చిన్న అకౌంటులోనే పని చేసుకుంటే మంచిదని ఆమె చెప్పబోయింది. "నా ఇంట్లో, నేను కొన్న కంప్యూటర్లో నేను చిన్న అకౌంటులో కూర్చోవాలా?" అన్నాడు. అక్కడే, ఆమె చూస్తుండగానే, ఆమె అకౌంటు తీసేశాడు. పెద్ద అకౌంటుకి ఆ హక్కుంది. మేరమ్మ గదిలోంచి, మా కాలంలో మొగుడికి తెలీకుండా బీరువాకి తాళమేసుకున్న ఆడదాన్ని నేనెరగనమ్మా అంది. తర్వాత ఇద్దరూ అతని పేరున్న ఆ ఒక్క అకౌంటులోనే పని చేశారు. అడిగినప్పుడల్లా ఎస్ కొట్టారు.

సోమవారం సాయంత్రం బడి నుంచి వస్తూనే, బస్టాండు దగ్గర కిరీటి దుకాణానికి ఇద్దరూ కంప్యూటరు తీసుకెళ్లారు. కిరీటి ఫోన్లో ఎవరితోనో బేరమాడుతూనే చూశాడు. ఈ మధ్య ఇలాంటివి చాలా వస్తున్నాయి సార్, తాళం తీయడం మనవల్ల కాదు, ఫార్మాట్ కొట్టేస్తే కొత్తదానిలా అయిపోతుంది అన్నాడు.

"కొట్టెయ్" అన్నాడు ఇమ్మాన్యుయేల్. "పోయినవి ఏముంది, అన్నీ సంఘం కాగితాలే కదా. కరుణ మళ్లీ టైపు చేస్తుంది."

కరుణశ్రీ కిరీటి వైపు తిరిగింది. తనకి వేరే అకౌంటు ఉండి, తన ఫైళ్లు అందులో ఉండి ఉంటే ఏమయ్యేదని అడిగింది. ప్రశ్న ఎంత మామూలుగా అడగాలో అంత మామూలుగానే అడిగింది.

"సార్ కూడా మామూలు అకౌంటులో ఉండుంటే సార్‌వి మాత్రం పోయేవి మేడమ్. మీ వైపు రాలేకపోయేది. ఇది అడ్మిన్‌లో దూరింది కదా, అందుకని మొత్తం తినేసింది. లోపల కంప్యూటరు దాచుకునే పాత కాపీలు ఉంటాయి, వాటిని కూడా చెరిపేసింది" అని కిరీటి మళ్లీ ఫోన్ ఎత్తాడు.

ఇమ్మాన్యుయేల్ బయట బండి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అతను విన్నాడో లేదో ఆమెకి తెలియదు. ఫార్మాట్ వద్దని, ఆ డిస్కు అలాగే ఊడదీసి తనకివ్వమని, కంప్యూటరులో కొత్తది వేయమని కిరీటికి చెప్పింది. ఇలాంటివాటికి ఎప్పుడైనా తాళంచెవి దొరుకుతుందా అని అడిగింది. కొన్నిటికి దొరికిందట మేడమ్, దీనికి ఇంకా లేదు అన్నాడు. కొత్త డిస్కు వేశాక స్టూలు మీద కూర్చుని అకౌంట్లు ఆమే చేసింది. పెద్ద అకౌంటు ఒకటి, దానికి తన పాస్‌వర్డ్. తనకి ఒక చిన్నది, అతనికి ఒక చిన్నది. కిరీటి చూసి, సార్‌కి చిన్నదా అన్నాడు. అవునంది.

మర్నాడు గీతాంజలికి ఫోన్ చేసింది. అప్పట్లో పంపిన పాఠాలేమైనా మిగిలాయా అని అడిగింది. గీతాంజలి పెళ్లై రెడ్డిగూడెం వెళ్లిపోయింది. ఫోన్ మార్చానండీ, ఆ గ్రూపులన్నీ అప్పుడే తీసేశాను అంది. గ్లోరి బాగా చదివేదండీ అంది. అవునమ్మా అని కరుణశ్రీ ఫోన్ పెట్టేసింది. వినగడప బళ్లో ఆ రోజు రెండో తరగతి పిల్లలు పాఠం పైకి చదువుతుంటే ఆమె కిటికీ దగ్గరే నిలబడి విన్నది. ఎవరి తప్పులూ దిద్దలేదు.

ఆ వారంలోనే ఇంట్లో ప్రింటరు కలపబోతే కంప్యూటరు ఇమ్మాన్యుయేల్‌ని పాస్‌వర్డ్ అడిగింది. అతను వంటింట్లోకి వచ్చాడు.

"ఏంటిది? నన్ను అడుగుతోంది."

"ఏం కావాలో చెప్పండి. వచ్చి తెరిచి పెడతాను."

"పాస్‌వర్డ్ చెప్పు చాలు."

"చెప్పనండీ."

గదిలో మేరమ్మ మంచం కిర్రుమంది. ఇమ్మాన్యుయేల్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"నామీద నమ్మకం లేదా నీకు?"

ఉందని చెప్పడం ఆమెకి అలవాటు. ఇన్నేళ్లుగా జీతం చీటీ దగ్గర నుంచి కూర ఉప్పు దాకా ఆ మాటతోనే ఇల్లు నడిచింది. గంటె పక్కన పెట్టింది.

"ఈ ఒక్క విషయంలో లేదండీ" అంది. "మీ బడి మార్కులు కూడా ఇకనించీ మీరే ఎక్కించుకోండి. ఎలాగో నేర్పుతాను."

అతను ఆ రోజు అన్నం సగంలో లేచాడు. తర్వాత కొన్నాళ్లు రెండు వేళ్లతో, ఒక్కో అంకె వెతుక్కుంటూ మార్కులు కొట్టాడు. తప్పు వస్తే ఆమెని పిలిచేవాడు. ఆమె వచ్చి చూపించి వెళ్లేది, కూర్చునేది కాదు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఆమెకి ఇప్పుడు కారణం ఏమీ లేదు. ఊడదీసిన డిస్కుని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకుంది. అదేంటని అతనడిగితే స్కూలుదంది.

గ్లోరి పోయి మూడేళ్లు నిండబోతున్నాయి. జ్ఞాపకార్థ కూడిక గురించి మాట్లాడటానికి పాస్టరు ఏసురత్నం గారు వచ్చి వెళ్లిన సాయంత్రం, కరుణశ్రీ ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఇమ్మాన్యుయేల్ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఒక తువ్వాలు తీసుకుని మడతపెట్టాడు. అది సరిగా రాలేదు, విప్పి మళ్లీ పెట్టాడు.

"గ్లోరి వచనం అప్పజెప్పింది నువ్వు ఫోన్లో ఎక్కించావు కదా" అన్నాడు. "కూడికలో అది వినిపిద్దామంటున్నారు పాస్టరు గారు."

మూడేళ్లలో ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు. ఆమె చేతిలో చీర సగం మడతలో ఉండిపోయింది.

"అప్పట్లో నువ్వు వింటుంటే తెలిసేది నాకు. పనంటూ కూర్చుని వినేదానివి. నాకు వినే ధైర్యం లేక అడగలేదు. అమ్మ కూడా అడుగుతోంది. ఇప్పుడు వినాలనుంది కరుణా. దాచిపెట్టావు కదా?"

"చూస్తాను" అంది.

అతనికి తెలుసు. ఇన్నాళ్లూ తెలిసే ఆ కుర్చీ ఆమెకి వదిలాడు. ఆ గొంతులు మాత్రం ఫోన్లో ఉన్నాయనుకున్నాడు. తను దాచానని ఆమె అనుకున్న చోట అతను తలుపు దగ్గరే ఆగి ఉన్నాడు. ఒకరినొకరు అడగని ఇంట్లో ఆ సంగతి ఆమెకి తెలియకుండా పోయింది. ఇప్పుడు ఆమె దగ్గర ఒక మాట ఉంది. ఆ రోజు నా వేలి మీద మీ చెయ్యి వేసి చెరిపేసింది దాన్నే అని. కోపంలో అంటే అతను ఎప్పటికీ లేవలేడు. ప్రేమతో అన్నా లేవలేడు. మామూలు పోట్లాటల్లో, మామూలు రోజుల్లో అనే మాట కాదది. అలాగని అబద్ధం చెప్పి ఇంకో మూడేళ్లు నడిపేందుకు ఆమెకి ఓపిక లేదు. ఆ ఓపిక దేనివల్ల ఉండేదో అది లేదు. అతని మీద జాలితో ఆగిందో, అతనికి శిక్షగా ఆగిందో కూడా ఆమె తేల్చుకోలేకపోతోంది. రోజూ పొద్దున బస్సెక్కేటప్పుడు ఇవాళ చెప్పేద్దామనుకుంటుంది. సాయంత్రం దిగి ఇల్లు చేరేసరికి అతను గుమ్మంలోనే కూర్చుని, దొరికిందా అన్నట్టు ఆమె మొహం వంక చూస్తున్నాడు.

కార్డులు పంచేశారు. పాస్టరు గారు మైకు కూడా మాట్లాడేశారు. కూడిక వచ్చే శనివారం.

ఇమ్మాన్యుయేల్‌కి కరుణశ్రీ ఇంకా చెప్పలేదు.